ఇంటి కరెంటుపై వెల్డింగు యంత్రము: తీగ యోర్చు లెక్క

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల రైతులకు ఇనుముతో పని నానాటికి హెచ్చుచున్నది. పూర్వము నాగలి కఱ్ఱు సాగగొట్టుటకును, బండిచక్రమునకు పట్టా వేయుటకును గ్రామమందలి కమ్మరి కొలిమి చాలియుండెను. జూరాల జలాశయమును, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల పథకములును వచ్చిన పిమ్మట మన ప్రాంతమున వరిమళ్లు పెరిగినవి. వానితో ట్రాక్టర్లును, ట్రాక్టర్ల వెంట కేజీవీల్సు, గొర్రులు, రోటవేటర్లు, ట్రాలీలును వచ్చినవి. ఈ సామానులో విఱిగినదానిని కొలిమిలో కాచి సుత్తితో నతుకుట సాధ్యముగాదు. దానికి వెల్డింగు కావలసియున్నది.

నాట్ల దినములలో కేజీవీలు పట్టీ యొకటి విఱిగినచో దానిని పట్టణమునకు మోసికొనిపోవుట కొక పూట, దుకాణమున వరుస వచ్చువఱకు మరియొక పూట పట్టును. ఇంతలో దమ్ము చేసిన మడి గట్టిపడును, కూలీలు మరియొకరి పొలమునకు పోవుదురు. కావుననే చేతితో మోయదగిన చిన్న ఇన్వర్టరు వెల్డింగు యంత్రములను కొని యింటియందే యుంచుకొనుటకు పలువురు రైతులు ఇచ్చగించుచున్నారు. ఈ కోరిక తగినదే. కాని యంత్రము నమ్మువారు “దీనిని ఇంటి ప్లగ్గునకే తగిలింపవచ్చు” నని చెప్పు మాట సగము మాత్రమే నిజము. మిగిలిన సగము తెలియక తగిలించినవారి యింట తీగలు కాలుటయు, స్విచ్చుబోర్డులు కరగుటయు, ఒక్కొక్కచోట ప్రాణహానియు కలుగవచ్చును.

మేము చెప్పదలచినది ముందే క్లుప్తముగా చెప్పుచున్నాము. ఇంటి తీగ సన్నని రాడ్డును మోయగలదు. లావు రాడ్డును మోయవలెనన్న వేఱు తీగయు, వేఱు మంజూరును కావలెను. బోరుబావి తీగయు, కొక్కెము వేసి దింపిన తీగయు వెల్డింగునకు ఎన్నడును పనికిరావు. ఇట్లేల చెప్పుచున్నామో, ఏ రాడ్డునకు ఏ తీగ తగునో ఈ క్రింద వివరించుచున్నాము.

యంత్రము చేయు పని

విద్యుత్తుతో లోహము నతుకు విద్య క్రొత్తది కాదు. నాటి రష్యా సామ్రాజ్యమున బెనార్డోస్ అను నాతడు 1881 ప్రాంతమున బొగ్గు కడ్డీతోను, స్లావ్యానోవ్ అను నాతడు 1888లో లోహపు కడ్డీతోను ఈ పని చేసి చూపిరి. స్వీడను దేశస్థుడగు ఆస్కార్ షెల్‌బెర్గ్ 1904 ప్రాంతమున కడ్డీకి పూత పూయు పద్ధతిని కనిపెట్టెను. నేడు మన దుకాణములలో దొరకు వెల్డింగు రాడ్డు ఆ పూత కడ్డీకి సంతతియే. ఆ పూత కాలి పొగయై, కరగిన ఇనుమునకు గాలి తగులకుండ కాపాడును.

ఇంటికి వచ్చు కరెంటు సుమారు 230 వోల్టుల ఒత్తిడి గలది. ఇనుము కరగుటకు అంత ఒత్తిడి అక్కరలేదు. రాడ్డు కొనయందు వెలుగు నిప్పునకు 25 వోల్టులు చాలును. కాని ప్రవాహము మాత్రము 80, 100, 150 ఆంపియర్లు కావలెను. ఎత్తుననున్న తొట్టినుండి సన్నని గొట్టమున వేగముగా దిగు నీటిని వెడల్పు కాలువలోనికి మళ్లించినచో వేగము తగ్గి పరిమాణము పెరుగును గదా. వెల్డింగు యంత్రము కరెంటును అట్లే మార్చును. కాలువలో ఎంత నీరు పారవలెనో అంత నీరు తొట్టినుండి రావలసినట్లే, రాడ్డువద్ద వ్యయమగు శక్తి యంతయు ఇంటి తీగగుండనే రావలెను.

పాతకాలపు వెల్డింగు ట్రాన్స్‌ఫార్మరు ఇనుప దిమ్మకు రాగితీగ చుట్టిన బరువైన పెట్టె. ఇన్వర్టరు యంత్రము కరెంటును క్షణమునకు వేలకొలది పర్యాయములు తునకలు చేసి చిన్న ట్రాన్స్‌ఫార్మరుగుండ పంపును. అందుచేత అది తేలికయైనది, కరెంటును తక్కువగా లాగును. రెంటికిని గల ఈ భేదము రైతునకు మిక్కిలి ముఖ్యము.

రాడ్డునుబట్టి కరెంటు

యంత్రముపై “200 ఆంపియర్లు” అని వ్రాసియున్నంత మాత్రమున అది ఇంటి తీగనుండి 200 ఆంపియర్లు లాగునని భయపడవలసిన పనిలేదు. అది రాడ్డువైపు లెక్క. అట్లని ఇంటివైపు లెక్కను చూడకుండుటయు తగదు. సాధారణ ఇన్వర్టరు యంత్రమునకు మేము కట్టిన సుమారు లెక్క యిది.

2.5 మిల్లీమీటర్ల రాడ్డును 80 ఆంపియర్లతో కాల్చునపుడు నిప్పువద్ద 23 వోల్టులుండును. అనగా సుమారు 1,850 వాట్ల శక్తి. యంత్రములో వేడియై పోవు భాగమును, యంత్రపు పవరు ఫ్యాక్టరు తక్కువగుటచే అదనముగా ప్రవహించు భాగమును చేర్చగా ఇంటి తీగనుండి సుమారు 14 ఆంపియర్లు లాగును.

3.15 మిల్లీమీటర్ల రాడ్డును 120 ఆంపియర్లతో కాల్చినచో ఇంటి తీగపై సుమారు 22 ఆంపియర్లు పడును.

4 మిల్లీమీటర్ల రాడ్డును 160 ఆంపియర్లతో కాల్చినచో సుమారు 32 ఆంపియర్లు పడును.

మన యిండ్లలోని పెద్ద ప్లగ్గు, అనగా 3 లావు కాళ్లు గల ప్లగ్గు, 16 ఆంపియర్లకు చేయబడినది. చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే. కావున ఇన్వర్టరు యంత్రముతో 2.5 రాడ్డును పెద్ద ప్లగ్గుపై కాల్చవచ్చును. 3.15 రాడ్డు ఆ ప్లగ్గు హద్దును దాటును. 4 రాడ్డు దానికి రెండింతలు. చిన్న ప్లగ్గు దేనికిని తగదు.

పాత ట్రాన్స్‌ఫార్మరు యంత్రమున్నవారు దీనినిబట్టి సంతోషింపరాదు. అది 80 ఆంపియర్లకే ఇంటి తీగనుండి సుమారు 24 ఆంపియర్లును, 120 ఆంపియర్లకు సుమారు 36 ఆంపియర్లును లాగును. అట్టి యంత్రము ఇంటి ప్లగ్గునకు ఎంత మాత్రమును పనికిరాదు.

మరియొక సంగతి. సాయంకాలము ఊరంతయు దీపములు, ఫ్యానులు, టీవీలు నడచునపుడు వోల్టేజి పడిపోవుట మన గ్రామములలో అనుభవమే. వోల్టేజి 180కి పడినపుడు ఇన్వర్టరు యంత్రము అదే పని చేయుటకు ఎక్కువ కరెంటు లాగును. 14 ఆంపియర్లు 18 అగును. కావున వెల్డింగు పని పగటివేళ, వోల్టేజి నిండుగానున్నపుడు చేయుట మేలు. పొరుగింటివారి దీపములు మిణుకుమిణుకుమనుటయు దానివలన తప్పును.

సన్నని రాడ్డుతో ఏమగునని కొందరు శంకింపవచ్చును. గేటు చట్రము, గుంటక, దంతె, మంచె కమ్ములు, స్ప్రేయరు బండి మొదలగువానియందు ఇనుము 3 మొదలు 5 మిల్లీమీటర్ల మందమే యుండును. అట్టి పనికి 2.5 రాడ్డు చక్కగా సరిపోవును. అంతకు మందమైన పట్టీని కూడ అంచులు ఏటవాలుగా గ్రైండరుతో అరగదీసి, ఒక వరుసపై మరియొక వరుసగా సన్నని రాడ్డుతోనే నింపవచ్చును. ప్రతి వరుస తరువాత పైపెచ్చును సుత్తితో రాల్చి, తీగె బ్రష్షుతో శుభ్రముగా తోమవలెను. దీనికి కాలము కొంత యెక్కువ పట్టునే కాని, ఇంటి తీగపై భారము పెరుగదు.

తీగ యేల కాలును

తీగలో కరెంటు రెండింతలైనచో వేడి రెండింతలు గాక నాలుగింతలగును. ఈ యొక్క నియమము తెలిసినచో అగ్నిప్రమాదములు పెక్కు తప్పును. దీపములకు వేసిన సన్నని తీగ 5 ఆంపియర్లకు చల్లగానుండునుగాని, 15 ఆంపియర్లకు దానిలో పుట్టు వేడి తొమ్మిదింతలు. ఆ వేడి గోడలోని గొట్టమందు బయటికి పోజాలక తీగపై తొడుగును మెత్తపఱచును. ఒకనాడు కాలక, పదినాళ్లకు కాలును. కావున “నిన్న చేసితిమి, ఏమియు కాలేదు” అనుట ధైర్యమునకు కారణము కాజాలదు.

వెల్డింగునకు మీటరు బోర్డునుండి నేరుగా ఒక ప్రత్యేకమైన తీగ వేయించుకొనవలెను. దానికి మఱి యే దీపమును, ఫ్యానును తగిలింపరాదు. 2.5 రాడ్డు పనికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగయు, 16 ఆంపియర్ల సి తరగతి ఎం.సి.బి.యు, 16 ఆంపియర్ల మూడుకాళ్ల సాకెట్టును చాలును. సి తరగతి యేలననగా, యంత్రమును వేసిన క్షణమున ఒక్కసారి పొంగు కరెంటును అది సహించును. 3.15 రాడ్డు పని చేయదలచినవారు 6 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, 32 ఆంపియర్ల ఎం.సి.బి., కార్ఖానాలలో వాడు 32 ఆంపియర్ల సాకెట్టు వేయించుకొని, దానికి తగిన లోడు మంజూరు చేయించుకొనవలెను. ఈ పని లైసెన్సు గల వైర్‌మన్‌చేత చేయింపవలెను.

పాత యిండ్లలో ఫ్యూజు పోయినప్పుడెల్ల ఇంకను లావు తీగ వేయు నలవాటు కలదు. ఫ్యూజు ఇంటికి కాపలాదారు. దొంగ వచ్చినపుడు అరచిన కుక్కనోరు కట్టివేసి నిదురించినవానికిని, ఫ్యూజులో లావు తీగ వేసి వెల్డింగు చేయువానికిని భేదము లేదు. ఎం.సి.బి. మాటిమాటికి పడిపోవుచున్నచో అది చెడినదని తలంపక, దానిపై మోయలేని భారము పడుచున్నదని గ్రహింపవలెను.

కరెంటు బిల్లుపై మంజూరైన లోడు ముద్రింపబడియుండును. అది 1 కిలోవాటు అని యున్న యింట వెల్డింగు యంత్రము పెట్టుట, అర మూట మోయువాని నెత్తిన రెండు మూటలు పెట్టుటయే. స్తంభమునుండి మీటరునకు వచ్చు సర్వీసు తీగయు ఆ లోడునకు తగినదిగానే వేసియుందురు. యంత్రము కొనుటకు పూర్వమే దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థవారి సెక్షను కార్యాలయమున లోడు పెంపునకు దరఖాస్తు చేయుట ఉత్తమము.

ఇంటినుండి పనిచోటికి ఎక్స్‌టెన్షను తీగ లాగువారు దాని మందమును చూడవలెను. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ 30 మీటర్లు లాగి దానిలో 15 ఆంపియర్లు పంపినచో సుమారు 11 వోల్టులు దారిలోనే పోవును. సుమారు 160 వాట్ల వేడి ఆ తీగలోనే పుట్టును. తీగను పరచియుంచినచో ఆ వేడి గాలికి పోవును. చుట్టగా చుట్టియుంచినచో వేడి యంతయు చుట్ట నడుమ నిలిచి తొడుగును కరగించును. కావున తీగను చుట్ట విప్పి, పూర్తిగా పరచి వాడవలెను. సాధ్యమైనంతవఱకు ఇంటి తీగను పొట్టిగానుంచి, రాడ్డువైపు లావు కేబులును పొడుగుగా తీసికొనుట మంచిది. అతుకుల తీగను, టేపు చుట్టిన తీగను ఈ పనికి వాడరాదు.

ఎర్తు

వెల్డింగు యంత్రపు పెట్టె ఇనుముతో చేసినది. లోపల తీగ తెగి పెట్టెకు తగిలినచో, ఎర్తు లేని యింట ఆ పెట్టెను ముట్టినవాడే ఎర్తగును. మూడవకాలు విఱిచి రెండుకాళ్లతో ప్లగ్గు పెట్టువారును, ఎర్తు తీగను బోర్డులోనే వదలివేయువారును ఈ ముక్క మఱువరాదు.

మన జిల్లాలలో చలక నేలలు విస్తారము. వేసవిలో అవి అడుగువఱకు ఎండిపోవును. ఎండిన నేల కరెంటును తనలోనికి తీసికొనదు. వానకాలమున బాగుగ పనిచేసిన ఎర్తు చైత్ర వైశాఖములలో పనికిరాకుండ పోవుటకు కారణమిదియే. సుమారు రెండున్నర మీటర్ల గాల్వనైజుడు గొట్టమును నేలలోనికి దింపి, చుట్టును బొగ్గు, ఉప్పు నింపి, వేసవిలో వారమున కొకటి రెండు మార్లు కడవెడు నీరు పోయుచుండవలెను. రాతినేలయైనచో రెండు గొట్టములను ఎడముగా దింపి కలుపవలెను.

దీనికి తోడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అను రక్షకమును మీటరు బోర్డువద్ద తప్పక పెట్టించుకొనవలెను. కరెంటు పోవు తీగలో ఎంత పోయినదో వచ్చు తీగలో అంత తిరిగి రాకున్నచో, ఆ కొరత మనుష్యుని శరీరముగుండ నేలలోనికి పోవుచున్నదేమోయని అది క్షణములో తీగను తెంచివేయును. దానిపై నొక్కు బొత్తాము ఒకటి యుండును. నెలకొకసారి నొక్కి చూచి అది పనిచేయుచున్నదని తెలిసికొనవలెను.

కాని ఒక విషయమును సభ్యులు బాగుగ గుర్తింపవలెను. ఆర్.సి.సి.బి. ఇంటివైపు తీగనుండి కాపాడును గాని రాడ్డువైపు తీగనుండి కాపాడదు. రాడ్డువైపు కరెంటు యంత్రములోని ట్రాన్స్‌ఫార్మరుచే వేఱుచేయబడియుండుటచే, అక్కడి షాకును ఆర్.సి.సి.బి. గుర్తింపజాలదు. రాడ్డు కాలనపుడు దానివద్ద 60 మొదలు 80 వోల్టుల వఱకు ఉండును. పొడిచేతికి అది చిమచిమలాడినట్లే తోచును. చెమట పట్టిన యొడలికి, తడినేలపై నిలిచిన కాలికి అది ప్రాణాంతకము కావచ్చును. మడిలో దిగబడిన ట్రాక్టరునకు కేజీవీలు అక్కడనే అతుకవలెనని తలంచుట ఇందుచేతనే మిక్కిలి ప్రమాదకరము. చక్రమును విప్పి గట్టుమీది పొడినేలకు తెచ్చి, ఎండిన చెక్కపీటపై నిలిచి, పొడి తోలు తొడుగులు, రబ్బరు అడుగుగల బూట్లు తొడిగికొని మాత్రమే అతుకవలెను. రాడ్డు మార్చునపుడు వట్టిచేతితో మార్చరాదు. చంకలో రాడ్డుకట్టను ఇఱికించుకొని పనిచేయుట మానవలెను.

రెండవ కేబులు కొననున్న క్లాంపును అతుకుచోటికి వీలైనంత దగ్గరగా, త్రుప్పు గీకివేసిన ఇనుమునకు గట్టిగా పట్టింపవలెను. దానిని ఇంటి ఎర్తు తీగకుగాని, బోరు గొట్టమునకుగాని, రేకుల షెడ్డు స్తంభమునకుగాని తగిలించినచో 80 ఆంపియర్ల కరెంటు తన దారి తాను వెదకికొనును. సన్నని ఎర్తు తీగగుండ అది తిరిగివచ్చి దానిని కాల్చివేయును. ఎర్తు కాలినదని యెవరికిని తెలియదు. తరువాత ఒకనాడు ఫ్రిజ్జు ముట్టిన బిడ్డకు షాకు తగిలినపుడు గాని బయటపడదు. ట్రాక్టరుపైననే అతుకవలసివచ్చినచో మొదట బ్యాటరీ తీగలను విప్పవలెను. క్లాంపు దూరముగానున్నచో కరెంటు బేరింగులగుండ ప్రవహించి వానిని గుంటలు పడజేయును.

బోరుబావి తీగ యేల కాదు

పొలమున పని పడినపుడు స్టార్టరు పెట్టెనుండి రెండు ఫేజులు తీసి పాత వెల్డింగు యంత్రమునకు తగిలించుటయు, ఒక్కొక్కచోట పైతీగకు కొక్కెము వేయుటయు కలదు. దీని ఫలము చేసినవానితో పోదు. లెక్క చూడుడు.

25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు ఒక్కొక్క ఫేజునకు సుమారు 33 ఆంపియర్లు మోయగలదు. 5 హార్సుపవరు మోటారు ఒకటి సుమారు 7 ఆంపియర్లు తీసికొనును. నాలుగు మోటారులు నడచుచున్నచో 28 ఆంపియర్లు అయినవి. అప్పుడు 120 ఆంపియర్లతో పాత వెల్డింగు యంత్రము రెండు ఫేజులపై నడచినచో సుమారు 20 ఆంపియర్లు వచ్చిచేరును. 33 మోయవలసిన ఫేజులు రెండును 48 మోయవలసివచ్చును. మూడవ ఫేజు తేలికగానుండుటచే వోల్టేజి సమత తప్పి, ప్రక్క పొలములలోని మోటారులు వేడెక్కి చుట్టలు కాలును. ట్రాన్స్‌ఫార్మరులోని నూనె కాగును. ఇట్లు నాలుగైదుమార్లు జరిగిన పిమ్మట అది యొకనాడు కాలిపోవును. దానిని విప్పి, బండిపై వేసి మరమ్మతునకు పంపి, తిరిగి తెచ్చువఱకు వేరుసెనగ ఊడలు దిగు దశలోనున్నను, గద్వాల ప్రాంతపు విత్తనపత్తికి పరపరాగ సంపర్కము చేయుచున్నను, నీరు ఆగును. ఒకరి గేటు అతుకుటకు నలుగురి పంట మూల్యమగును. ఇది సహకార ధర్మమునకు పూర్తిగా విరుద్ధము.

చట్టమును కూడ చెప్పవలసియున్నది. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీన వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభింపబడినది. ఆ సరఫరా నీరు తోడుటకు ఒసగబడినదే గాని ఇనుము నతుకుటకు కాదు. 2003వ సంవత్సరపు విద్యుత్ చట్టము 126వ విభాగము ప్రకారము, మంజూరైన పనికి గాక వేఱు పనికి కరెంటు వాడినచో తగిన వర్గపు ధరకు రెండింతలు కట్టవలసివచ్చును. కొక్కెము వేసి తీసికొనుట 135వ విభాగము ప్రకారము దొంగతనము. దానికి మూడు సంవత్సరములవఱకు శిక్ష విధింపవచ్చును.

ఇంతకును తప్పించుకొన జూచు వ్యయ మెంత? 2.5 రాడ్డు కాలుటకు సుమారు ఒక నిమిషము పట్టును. 25 రాడ్లు కాల్చినను ఇంటి మీటరుపై సుమారు ఒక్క యూనిటు తిరుగును. ఒక్క యూనిటు ధరకై పొరుగువారి మోటారును, తన ప్రాణమును పందెమొడ్డుట వివేకమా?

తన యింటి పనిముట్లకు చిన్న మరమ్మతు చేసికొనుట వేఱు, కూలికి ఇతరుల పని చేయుట వేఱు. కూలికి చేయదలచినవారు గృహవర్గమగు ఎల్.టి. 1 సర్వీసుపై ఆ పని నడపరాదు. సెక్షను కార్యాలయమున తగిన వర్గపు సర్వీసును కోరవలెను. కొలది దినముల పనికి తాత్కాలిక సరఫరాయని ఎల్.టి. 8 వర్గము కలదు.

పనివేళ జాగ్రత్తలు

యంత్రముపై “60 శాతము” అని వ్రాసియుండును. పది నిమిషములలో ఆరు నిమిషములు కాల్చి నాలుగు నిమిషములు చల్లారనిమ్మని దాని భావము. ఈ లెక్క సామాన్యముగా 40 డిగ్రీల వేడిమికి కట్టినది. మన వేసవి పగళ్లు ఆ హద్దును దాటుచుండును గనుక అప్పుడు విరామము ఇంకను పెంచవలెను. యంత్రమును ఎండలో నుంచరాదు, దాని గాలిరంధ్రములపై బట్ట కప్పరాదు.

10వ నంబరు అద్దముగల ముసుగు లేక నిప్పును చూడరాదు. చల్లద్దాలు చాలవు. పని చూచుటకు మూగు పిల్లలను దూరముగా పంపవలెను. ఆనాటి రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లు మండుట ఆ వెలుగు ఫలమే.

పత్తి నిలువచేసిన గదికిని, గడ్డివాముకును కనీసము 11 మీటర్ల దూరమున అతుకవలెను. పని ముగిసిన పిదప అరగంటసేపు ఆ చోటు విడువక చూచుచుండవలెను. డీజిలు పీపాలను, పురుగుమందు డబ్బాలను ఎంత కడిగినను అతుకరాదు. గాల్వనైజుడు గొట్టము నతుకునపుడు జింకు పొగ లేచి జ్వరము తెప్పించును గనుక, పూతను ముందుగా గీకివేసి, ఆరుబయట గాలికి వీపు ప్రక్కగా నుండునట్లు కూర్చుండి చేయవలెను.

ఒంటరిగా ఈ పని చేయరాదు. మెయిను స్విచ్చు ఎక్కడనున్నదో తెలిసిన పెద్దమనిషి యొకరు దగ్గరనుండవలెను. ఎవరికైన షాకు తగిలినచో వారిని ముట్టక మొదట స్విచ్చు తీయవలెను. అది వీలుగాకున్న ఎండిన కఱ్ఱతో తీగను తొలగింపవలెను. పిమ్మట 108 నంబరునకు పిలువవలెను. ఊపిరి ఆడకున్నచో బండి వచ్చువఱకు ఎదురుచూడక, ఱొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 మొదలు 120 పర్యాయములు గట్టిగా నొక్కుచుండవలెను. తీగ తెగిపడినచో, స్తంభమువద్ద నిప్పురవ్వలు కనబడినచో 1912 నంబరునకు తెలుపవలెను. స్తంభమెక్కుట ఎవరికిని తగదు.

సంఘములు చేయదగిన పని

ఇంటింటికి ఒక యంత్రము కొనుట అవసరముగాదు. సంవత్సరమున పది పదిహేను దినములు మాత్రమే పని కలుగు యంత్రమును ఊరంతటికి ఒక్కటి యుంచుకొనుట లాభకరము. సహకార సంఘపు గోదాము ప్రక్కన ఒక చిన్న రేకుల కొట్టము వేసి, తగిన వర్గపు త్రీఫేజు సర్వీసు తీసికొని, మంచి ఎర్తు గుంతలు త్రవ్వించి, పెద్ద రాడ్డును కూడ మోయగల యంత్రమును అక్కడ నుంచినచో, కేజీవీల్సు, ట్రాలీ చట్రములు మొదలగు బరువు పనులన్నియు అక్కడనే జరుగును. చిన్న పనులు మాత్రము ఇంటి ప్లగ్గుపై సన్నని రాడ్డుతో చేసికొనవచ్చును. గంటకింతయని సభ్యులనుండి తీసికొను రుసుము యంత్రపు ధరను క్రమముగా తీర్చును.

పని నేర్చిన యువకుడు కావలెనన్నచో ఐ.టి.ఐ.లలో వెల్డరు విద్య ఒక్క సంవత్సరములో పూర్తియగును. మన వనపర్తి రాజప్రాసాదమున 1959లో పాలిటెక్నిక్ నెలకొల్పబడిన నాటినుండి ఈ ప్రాంతమున యంత్రవిద్య క్రొత్తది కాదు. కమ్మరి కుటుంబముల బిడ్డలకు ఇనుము స్వభావము చిన్ననాటినుండియే తెలియును. వారికి ఈ విద్య నేర్పించి సంఘపు కొట్టమున పని కల్పించినచో కొలిమి చల్లారిన యిండ్లకును ఆధారము దొరకును, రైతునకును పని తీరును.

ఇప్పటికే యంత్రము కొన్న సభ్యులు మూడు సంగతులను కాగితముపై వ్రాసికొని వచ్చు నెల సంఘ సమావేశమునకు రావలెనని కోరుచున్నాము. ఒకటి, కరెంటు బిల్లుపైనున్న మంజూరు లోడు. రెండు, యంత్రపు రేకుపై ఇంటివైపు ఆంపియర్లు ఎన్నియని వ్రాసియున్నదో ఆ సంఖ్య. మూడు, మీటరు బోర్డునుండి ప్లగ్గువఱకు వేసిన తీగ మందము. ఆ మూడును ఒకదానితో నొకటి సరిపోవుచున్నవో లేదో వైర్‌మన్ సమక్షమున అక్కడనే సరిచూచికొందము. ఎవరికి ఏ తీగ మార్చవలెనో, ఎవరు లోడు పెంపునకు దరఖాస్తు చేయవలెనో ఆనాడే నిర్ణయించి, దరఖాస్తులను అందఱవియు కలిపి సెక్షను కార్యాలయమునకు పంపవచ్చును. అంతవఱకు 2.5 కంటె లావు రాడ్డును ఇంటి ప్లగ్గుపై కాల్చవలదని సభ్యులెల్లరకు మనవి.